ఉపకేంద్రం ఊళ్లోనా, వాడలోనా?

పల్లె వైద్యం మాటెత్తితే డాక్టరు లేడు, మందుల్లేవు అనే వింటాం. అవి నిజాలే. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది: ఆ కేంద్రం ఎక్కడ కట్టారు?

ప్రభుత్వం వేసేది తలల లెక్క. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం. ఈ లెక్కలో పల్లె అంతా ఒకటే ముద్ద. ఊరికీ వాడకీ మధ్యనున్న దూరం అందులో కనిపించదు. జాగా ఎవరిస్తే అక్కడ, పంచాయతీ ఆఫీసు పక్కనో, పెద్దల ఇళ్ల నడుమనో భవనం లేస్తుంది. ఎంత, అర కిలోమీటరే కదా అంటారు. ఆ అర కిలోమీటరు ఎవరెవరి అరుగుల ముందునుంచి నడవాలో నిండు నెలల మాదిగ తల్లిని అడగాలి.

నర్సమ్మే వాడకు వస్తుందిగా అంటారు. ఘన్‌శ్యామ్ షా, సుఖదేవ్ థోరట్ తదితరులు 2006లో అచ్చేసిన అధ్యయనం నాటి ఆంధ్రప్రదేశ్‌తో సహా 11 రాష్ట్రాల్లో 565 పల్లెలు చూసింది. మూడో వంతు పల్లెల్లో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకు పోవడం లేదని తేల్చింది.

2016 జనవరిలో అమల్లోకొచ్చిన అట్రాసిటీ చట్ట సవరణ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి దళితుల్ని రానివ్వకపోవడాన్ని పేరుపెట్టి నేరమన్నది. మంచిదే. కానీ భవనానికి జాగా ఎంచినవాళ్లు ఈ చట్టానికి చిక్కరు.

దారి లేకపోలేదు. 2004 అక్టోబరు 7న ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు, ఎస్సీ ఎస్టీ వాడలన్నిటికీ వీలైనంత త్వరగా అంగన్‌వాడీలు వచ్చేలా చూడమంది. ఉపకేంద్రానికీ మనం అదే అడగాలి. టీకాలు చాలాచోట్ల అంగన్‌వాడీలోనే వేస్తారు గనక, ఆ కేంద్రం వాడకొస్తే సూదీ వాడకొస్తుంది.

వాడలో పెడితే ఊరివాళ్లు రారని అధికారుల బెంగ. (ఊళ్లో పెడితే వాడవాళ్లు రాలేరని ఇన్నేళ్లలో ఎవరూ బెంగపడ్డట్టు లేదు.) వాళ్లూ రావాలనే మేమనేది. నర్సమ్మా, మందులూ అక్కడుంటే జ్వరమొచ్చినవాడు ఎన్నాళ్లు ఆగుతాడు?

కొత్త భవనం మంజూరైతే శంకుస్థాపనకు ముందే గ్రామసభలో జాగా సంగతి తేల్చాలి. గోడలు లేచాక మాట్లాడి లాభం లేదు. పాత భవనమే ఉన్నచోట ఏఎన్ఎం నెల టూరు ప్రోగ్రాం, టీకాల ప్లాను అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. అందులో మీ వాడ పేరు విడిగా రాశారా, ఊరి పేరొక్కటే రాశారా చూడండి. ఊరి పేరొక్కటే ఉంటే ఆ కాగితం పట్టుకుని మెడికల్ ఆఫీసరు దగ్గరికి పోవాలి, ఒక్కరు కాదు, పదిమంది.