పిత్రార్జితమైన అద్దె యిల్లు: సంతానమునకు వ్రాసియిచ్చుట, పన్నుల విచారము

మన పెద్దలు బ్రతుకుతెరువునకై వచ్చి స్థిరపడిన పట్టణములందు కట్టించిన యిండ్లు పెక్కు నేడు మనుమల చేతిలో అద్దెలకున్నవి. వానిని ఎదిగిన బిడ్డలకు జీవించియుండగనే వ్రాసియిచ్చుట యుక్తమా, పన్ను ఎంత పడును అను ప్రశ్న తరచు వినవచ్చుచున్నది. ఇందు పన్నుకంటె పత్రము వ్రాయు విధమే ముఖ్యము.

1958 నాటి దానపు పన్ను 1998 అక్టోబరు 1 నుండి లేదు. మృతుల ఆస్తిపై 1953లో విధించిన ఎస్టేటు సుంకము 1985లోనే రద్దయ్యెను. కావున తండ్రి తన స్వంత ఆస్తిని బిడ్డకు దానమిచ్చినచో ఆయనకు మూలధన లాభపు పన్ను లేదు. పుచ్చుకొన్న బిడ్డకును ఆదాయపు పన్ను లేదు. ఆ పిమ్మట వచ్చు అద్దె మేజరైన బిడ్డ ఆదాయమే. భార్యకు, కోడలికి, మైనరు బిడ్డకు ఇచ్చినచో మాత్రము అద్దె దాత ఆదాయములోనే చేరును. ఉమ్మడి కుటుంబపు ఆస్తిని తండ్రి యొక్కడే ఇష్టానుసారము దానమీయజాలడు. 2005 సవరణ వలన అందు కుమార్తెలును సమాన హక్కుదారులు.

అయితే పన్ను తొలగిపోలేదు, వెనుకకు జరిగినదంతే. తాత 1962లో కొన్న యిల్లు తండ్రికి సంక్రమించి, ఆయన కుమార్తెకు దానమిచ్చె ననుకొందము. ఆమె అమ్మిననాడు లాభము లెక్కించుటకు తాత పెట్టిన వెలయో, 2001 ఏప్రిల్ 1 నాటి విలువయో ఆధారమగును. 2024 జూలై 23 నుండి జరుగు విక్రయములందు ఆ లాభముపై పన్ను నూటికి 12.5, ఇట్టి పాత ఆస్తికి, దేశవాసులు ధరల సూచికతో 20 వంతున లెక్కించి ఏది తక్కువయో అది చెల్లింపవచ్చును. కావున తాతనాటి దస్తావేజును భద్రపరుపవలెను.

స్టాంపు సుంకము మాత్రము యజమాని నివాసమును గాక, యిల్లున్న రాష్ట్రమును బట్టి యుండును. తమిళనాట కుటుంబములోని సెటిల్మెంటునకు విలువలో నూటికొక రూపాయి, 2023 సవరణ ప్రకారము 40,000 రూపాయలకు మించదు. మహారాష్ట్రమున బిడ్డకిచ్చు నివాసగృహమునకు 200 రూపాయలే. స్థానిక సుంకములు వేరు. దానపత్రమునకు ఇరువురు సాక్షులును, రిజిస్ట్రేషనును తప్పనిసరి. రిజిస్ట్రారునకు తెలియని, ఆ జిల్లాలో వాడుకలేని భాషలో పత్రము వ్రాసినచో, స్థానిక భాషలోని సరియైన అనువాదము జతపరుపనిదే స్వీకరింపరు. తెలుగున వ్రాయగోరు మనవారు ఇది గమనింపవలెను.

ఇక అసలు మాట. దానమిచ్చిన యిల్లు తిరిగి రాదు. ముదిమిలో అద్దెయే జీవనాధారమైనవారు తొందరపడరాదు. జీవితాంతము అద్దె తమకే చెందునని పత్రమున వ్రాసికొనవచ్చును. అప్పుడు దానిపై పన్నును వారిదే. పోషణ షరతును స్పష్టముగ వ్రాసినచో, బిడ్డ దానిని తప్పిన పక్షమున 2007 నాటి వృద్ధుల పోషణ చట్టము క్రింద దానమును రద్దుపరచుకొన వీలున్నది. అదియును వలదన్నవారికి వీలునామా కలదు: దానికి స్టాంపు సుంకము లేదు, బ్రతికియున్నంతకాలము మార్చుకొనవచ్చును.

బిడ్డలకు ఇల్లు ఇయ్యవలసినదే. కాని తమ తలపై నీడను నిలుపుకొని ఇచ్చుట వివేకము.