ఫొటోకు చిక్కని రంపం

మాగిన అరటిపండు చుట్టూ ముసిరే నుసుములను విసుక్కుంటూ తోలివేస్తాం. అన్నీ ఒకటే గదా అనుకుంటాం. కాని వాటిలో తేడా పోల్చుకోలేకపోతే రైతు కొంప మునిగే సందర్భమూ వుంది!

మన యిళ్ళలో కనిపించే పండ్ల యీగ సాధారణంగా బాగా మాగి కుళ్ళే పండును ఆశ్రయిస్తుంది. 1931లో జపాను శాస్త్రజ్ఞుడు మాట్సుమురా పేరుపెట్టిన 'డ్రోసోఫిలా సుజుకీ' అలా కాదు. మొక్కమీద రంగు తిరుగుతున్న పండులోనే గుడ్లు పెడుతుంది. 2008లో యిది అమెరికాలోని కాలిఫోర్నియాలోనూ, ఐరోపాలోనూ కనిపించింది. చెర్రీ, స్ట్రాబెర్రీ పండ్లు పైకి నవనవలాడుతూనే వుంటాయి, లోపల పురుగులు!

మరి పోల్చడం ఎలా? మగ యీగ రెక్కల కొసన చెరొక నల్లచుక్క వుంటుంది. ఫొటోలో అది తెలుస్తుంది. అయితే మనదేశంలోనూ వున్న 'బయార్మిపెస్' జాతి మగ యీగలకూ అలాంటి చుక్కే! అప్పుడు ముంగాళ్ళు చూడాలి. దువ్వెన పళ్ళవంటి నల్లని రోమాలు సుజుకీకి పాదంలోని రెండు కణుపుల మీద వుంటే, దీనికి మొదటి కణుపు మీదే వుంటాయి.

ఆడ సుజుకీకి రెక్కమీద చుక్కే లేదు. దాని గుర్తు పొట్ట చివర, గుడ్లు పెట్టే సాధనానికున్న రంపపు పళ్ళు. పండు తోలును కోసేది ఆ రంపమే. మూడు మిల్లీమీటర్ల యీగలో దాన్ని చూడాలంటే మామూలు ఫొటో చాలదు. మైక్రోస్కోపు క్రింద యీగే వుండాలి. అందుకే అనుమానం వస్తే యీగను ఆల్కహాలు సీసాలో భద్రపరచి నిపుణులకు చూపించాలి.