తలారి: పదవి, పదం, ఇంటిపేరు

రాయలసీమలో ‘తలారి’ అనే ఇంటిపేరు తరచుగా వినిపిస్తుంది. పత్రికాభాషకు అలవాటుపడిన నేటి పాఠకునికి ఈ మాట వినగానే ఉరితీసేవాడు స్ఫురిస్తాడు. ‘తలకు అరి’ కనుక తలారి అని వ్యుత్పత్తి చెప్పాలనిపించడం కూడా సహజమే. అది చమత్కారం మాత్రమే. పదచరిత్ర మరో దారి చూపుతుంది.

తమిళంలో తలైయారి, కన్నడంలో తళవార, ప్రాచీనాంధ్రంలో తలవరి. అన్నింటా ప్రధానార్థం కావలివాడనే. తెలుగులో వకారం లోపించి, అచ్చు దీర్ఘమై ‘తలారి’ ఏర్పడింది. దొంగను పట్టిన తలవరే దండననూ అమలుచేయడం వల్ల ఉరితీసేవాడనే అర్థం తరువాత అంటుకొన్నదని భావించవచ్చు.

విశేషమేమంటే, తెలుగునేలపై ఈ పదం ప్రాచీనరూపం గ్రామచావడిలో గాక రాజబంధువుల బిరుదాల్లో కనిపిస్తుంది. క్రీ.శ. 3వ శతాబ్దపు నాగార్జునకొండ ప్రాకృత శాసనాల ప్రకారం, ఇక్ష్వాకు ప్రభువు చాంతమూలుని సోదరి చాంతిసిరి భర్త మహాసేనాపతి, ‘మహాతలవర’. చాంతమూలుని అల్లుడొకరు ఈ రెండింటితోపాటు మహాదండనాయకుడు కూడా. ఈ శాసనాలను ప్రకటించిన వోగెల్, ‘తలవర’ సంస్కృతపదం కాదనీ ద్రావిడభాషల నుండి వచ్చినదనీ గుర్తించి, పైన చెప్పిన తమిళ, కన్నడ రూపాలతో పోల్చారు.

మరి రాజు బావగారి బిరుదం ఊరి కావలివాని పేరుగా ఎట్లు దిగివచ్చింది? ఇటువంటి పతనం మన భాషకే పరిమితం కాదు. ఇంగ్లీషు ‘కానిస్టేబుల్’ లాటిన్‌లో అశ్వశాలాధిపతి. మధ్యయుగపు ఫ్రాన్సులో సర్వసేనాని. నేడు పోలీసుశాఖలో కింది ఉద్యోగి. చిత్రకారుడు జాన్ కానిస్టేబుల్ ఇంటిపేరూ అదే. తలారి కూడా మద్రాసు ప్రభుత్వపు 1816 నాటి 11వ రెగ్యులేషన్‌లో గ్రామాధికారి చేతికింది పోలీసుబంటుగా స్థిరపడ్డాడు. పంటకు కాపలా, శిస్తుసొమ్ముకు తోడు, పొలిమేరలకు సాక్ష్యం అతని పనులు.

కోసిగి పరిసరాలలో ఈ పదాన్ని పరిశీలించేవారికి మరొక చిక్కుంది. ఆదోని తాలూకా 1953 వరకు బళ్లారి జిల్లాలోనిది; తెలుగు, కన్నడాలు రెండూ ఇంటిభాషలైన సీమ. అందువల్ల తెలుగు తలారి, కన్నడ తళవార ఇక్కడ పక్కపక్కనే ఉంటాయి. కాని సరిహద్దుకు అవతల 2020లో పార్లమెంటు చట్టం ‘తళవార’ను నాయక తెగకు పర్యాయంగా కర్ణాటక షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది. అక్కడ వృత్తిపదం కులధ్రువీకరణ పత్రానికి ఎక్కింది. ఇవతల అది ఇంటిపేరు. ఊరిని బట్టి వేర్వేరు కులాలవారు చేసిన కొలువుకు గుర్తు. ‘తలారి’ని చూసి కులాన్ని నిర్ణయించే గృహనామ పరిశోధకుడు ముందుగా ఆ ఊరి కావలి మిరాసీ ఎవరిదో కైఫీయతుల్లో, ఇనాం రికార్డుల్లో వెదకవలసి ఉంటుంది.