లైటు వెలిగితే సెన్సర్ పోయినట్టేనా?
పరీక్ష లేకుండా మారిస్తే డబ్బు దండగ

పూర్వం అంబాసిడర్ కారు మొరాయిస్తే మెకానిక్ బానెట్ ఎత్తి, కార్బ్యురేటర్ స్క్రూను అర చుట్టు తిప్పి, పొగ రంగు చూసి సరిచేసేవాడు. ఆ రోజులు పోయాయి. నేడు పల్లెల్లో తిరుగుతున్న సెకండ్ హ్యాండ్ పెట్రోలు కార్లలో సైతం గాలి, పెట్రోలు పాళ్లను కంప్యూటరే చూసుకుంటున్నది. దానికి కబురు అందించేది ఎగ్జాస్ట్ గొట్టానికి బిగించి వుండే చిన్న సెన్సర్.

కిలో పెట్రోలు సరిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. మండగా పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి పాళ్లు కుదిరిందీ లేనిదీ ఈ సెన్సర్ తెలుపుతుంది. ఆ ప్రకారం కంప్యూటర్ పెట్రోలును పెంచడమో తగ్గించడమో చేస్తుంది. సెన్సర్ లెక్క తప్పితే మైలేజీ పడిపోతుంది. ఇంజను కుదుపులిస్తుంది. డ్యాష్‌బోర్డుపై పసుపుపచ్చ ఇంజను బొమ్మ వెలుగుతుంది.

చిక్కంతా ఇక్కడే వస్తున్నది. స్కానర్ తగిలించి, ‘పి0171’ అనే కోడ్ కనిపించగానే సెన్సర్ పోయిందని తేల్చేసే వారున్నారు. యజమాని వేలు పోసి కొత్తది వేయించినా, అసలు లోపం అలాగే వుంటే లైటు మళ్లీ వెలుగుతుంది. ఆ కోడ్‌కు అర్థం గాలి ఎక్కువై, పెట్రోలు చాలడం లేదని మాత్రమే. కారణమేమిటో అది చెప్పదు. జ్వరం చూపిందని థర్మామీటరును పారేస్తామా?

గాలి గొట్టం పగిలినా, పెట్రోలు ఫిల్టరు మూసుకుపోయినా, పంపు బలహీనపడినా అదే కోడ్ రావచ్చు. ఇంజనుకూ సెన్సర్‌కూ మధ్య ఎగ్జాస్ట్ జాయింటు లీకైతే బయటి గాలి చొరబడి సెన్సర్ పొరబడుతుంది. స్పార్క్ ప్లగ్ సరిగా పనిచేయక పెట్రోలు మండకపోతే, మిగిలిపోయిన ఆక్సిజన్ కూడా గాలి ఎక్కువైనట్టే చూపిస్తుంది. కనుక ముందు ఇవన్నీ చూసుకోవాలి.

‘పి0135’ కోడ్ వస్తే సెన్సర్‌ను వేడిచేసే హీటరు సర్క్యూట్‌లో లోపం వున్నదన్నమాట. గడ్డివాము పక్కనో, ధాన్యం కొట్టు దగ్గరో నిలిపే కార్లలో ఎలుకలు వైర్లు కొరకడం కద్దు. ఫ్యూజు, కనెక్టరు, వైర్లు మొదట చూడాలి. అవి బాగుండి, ఇంజను చల్లారాక మల్టీమీటరుతో కొలిచినప్పుడు హీటరు తెగినట్టు తేలితే సెన్సర్ మార్చక తప్పదు.

మరో పరీక్ష వున్నది. ఇంజను బాగా వేడెక్కాక స్కానర్‌లో సెన్సర్ రీడింగ్ చూస్తూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కాలి. పెట్రోలు ఎక్కువైనట్టు రీడింగ్ మారాలి. వదిలేస్తే గాలి ఎక్కువైనట్టు మారాలి. వెంటవెంటనే మారుతుంటే సెన్సర్ బతికే వున్నట్టు. మిగతావన్నీ బాగుండి రీడింగ్ కదలకపోయినా, నత్తనడక నడిచినా సెన్సర్‌నే అనుమానించాలి.

అలాగని లైటును పట్టించుకోకుండా తిరగడమూ మంచిది కాదు. పెట్రోలు అదేపనిగా ఎక్కువ పడితే, సెన్సర్ కన్నా ఖరీదైన కాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. లైటు మినుకు మినుకుమంటే బండిని నెమ్మదిగా పక్కకు తీసి ఆపాలి.

సెన్సర్ మార్చాలని మెకానిక్ చెప్పినప్పుడు యజమానులు రెండే ప్రశ్నలు అడగాలి. ఏ కోడ్ వచ్చింది? ఏ పరీక్ష చేసి తేల్చారు? రెండో ప్రశ్నకు జవాబు వచ్చాకే జేబులో చెయ్యి పెట్టడం మేలు.