చర్మంలో చెమ్మ నిలిచేదెట్లా?

చలికాలంలో సోంపేట బడిపిల్లల కాళ్ళపై గోటితో గీస్తే తెల్లని చార పడుతుంది. ఉద్దానంలో కొబ్బరికి కొదువ లేదు కనుక తల్లులు కాస్త నూనె రాసి పంపుతారు, చార కనబడదు. నూనె నీటిని ఇచ్చిందా? నూనెలో నీరే లేదు గదా!

చర్మపు పైపొర మృతకణాల వరుసలతో ఏర్పడినది. కణాలు ఇటుకలనుకొంటే, వాటి నడుమ సున్నం వలె కొవ్వు ఉంటుంది. అందులో సుమారు సగం సెరమైడులు. తక్కినది ముఖ్యంగా కొలెస్టరాలు, కొవ్వు ఆమ్లాలు. లోపలి నీరు ఆవిరి కాకుండా అడ్డుకొనేది ఈ కొవ్వే.

ఈ గోడ కట్టడంలో చక్కెరకు పని ఉన్నదంటే వింతగా తోస్తుంది. క్రింది కణాలు చాలా సెరమైడులకు ఒక్కొక్క గ్లూకోజు అణువును తగిలిస్తాయి. చక్కెరలకు నీరంటే ప్రీతి. వానాకాలంలో బెల్లం చెమ్మగిల్లడం అందరూ చూచినదే. ఈ తోడుతో సెరమైడులు కణంలోని చిన్న సంచులలో ఒదిగి ఉంటాయి. పైపొర అంచున సంచులు విడుదల కాగానే ఒక ఎంజైము గ్లూకోజును ఊడదీస్తుంది. స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగు చెక్కలు తీసినట్లన్నమాట. అప్పుడు సెరమైడులు దగ్గరగా పేరుకొని, నీరు సులభంగా దాటలేని పొరలవుతాయి.

చెక్కలు తీయకపోతే? ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ గోషే 1882లో వర్ణించిన వ్యాధికి ఈ ఎంజైము లోపమే మూలం. ఆ రోగులలో చాలామందికి చర్మం బాగానే ఉంటుంది. కాని ఎంజైము దాదాపు పూర్తిగా లేక పుట్టిన శిశువుల చర్మం పొలుసులు కట్టి నీటిని నిలుపలేదు. వారు బ్రతికి బయటపడడం అరుదు.

ఇటుకలలోపల నీటిని పట్టి ఉంచేవి అమినో ఆమ్లాలు, యూరియా, గ్లిజరిన్ మొదలైనవి. గ్లిజరిన్ కూడ చక్కెరలకు చుట్టమే.

పలాసలో జీడిపిక్కలు కొట్టేవారి చేతులకు ఈ విషయం మరీ ముఖ్యం. పెంకు రసంలోని అనకార్డిక్ ఆమ్లానికి 15 కర్బన పరమాణువుల పొడవైన తోక ఉన్నది. కొవ్వులో కలిసే గుణం వలన అది చర్మంలోకి చొరబడి పొక్కిస్తుంది. పైగా అరచేతులలో తైలగ్రంథులు లేవు. కనుక పనికి ముందు నూనె పూసుకొనడం వట్టి ఆచారం కాదు, అది అడ్డుతెర. పని ముగిశాక కారపు సబ్బుతో పదేపదే రుద్దితే మాత్రం రసంతోపాటు గోడలోని సున్నమూ కొంత పోతుంది.

కొబ్బరినూనెలో సెరమైడులు లేవు. అది పైన తెరవలె నిలిచి, ఉన్న నీటిని పోనీయదు. విద్యార్థులు స్నానం కాగానే ఒక కాలికి తడి ఆరకముందే నూనె రాసి, రెండవదానికి గంట తరువాత రాసి, సాయంకాలం రెండింటిపైనా గోటితో గీసి చూడవచ్చు.