చూసిపోయే ప్రేమ, ఊళ్లో మిగిలే ఫోటో

విదేశీ చర్చిలు తాము సాయం చేసే పల్లెలను చూడటానికి బృందాలను పంపడం మన దగ్గర కొత్త కాదు. దండలు, పాటలు, పిల్లలతో ఫోటోలు, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. ప్రేమంటే డబ్బు పంపి ఊరుకోవడం కాదు, వెళ్లి పక్కన కూర్చోవడం అన్నది వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని మేం తేలిగ్గా తీసిపారేయడం లేదు. కానీ అలాంటి బృందం రేపు నిజామాబాద్ జిల్లా సిరికొండకు వస్తే, అక్కడి దళిత క్రైస్తవులకు ఏం దక్కుతుంది, వాళ్ల నెత్తిన ఏం పడుతుంది? అడగాల్సిన ప్రశ్న ఇది.

ఉండిపోయిన వాళ్లు, కట్టిన వాళ్లు

ఇదే జిల్లాలోని డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి మొదలైంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ దాన్ని నిలబెట్టారు. ఊరు వెలివేసిన మనుషులను ముట్టుకుని, చాల్‌మూగ్రా నూనెతో వైద్యం చేశారు. వాళ్లు చూసిపోవడానికి రాలేదు, ఏళ్లకేళ్లు ఉండిపోయారు. ఆసుపత్రికి స్థలం ఇచ్చింది మాత్రం నర్సాగౌడ్ అనే స్థానిక హిందూ వడ్డీ వ్యాపారి.

1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చిదీ ఇలాంటి కథే. పేరు మిషనరీ పోస్నెట్‌ది. కరువు రోజుల్లో తిండి కోసం రాళ్లు మోసింది మాత్రం చుట్టుపక్కల పేదలు. కాబట్టి "బయటివాళ్లు ఇచ్చారు, మనవాళ్లు పుచ్చుకున్నారు" అనే కథ సగమే నిజం. ఇక్కడి భూమి, ఇక్కడి చెమట ఆ లెక్కలో కనబడవు.

ఈ లోటును మొదట బయటపెట్టిన వాళ్లలో వి.ఎస్. అజరయ్య ఒకరు. 1912లో ఆయన దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. ఆ సంఘంలో చేరిన వాళ్లలో అత్యధికులు మాల, మాదిగలు. అంతకు రెండేళ్ల ముందు, 1910 ఎడిన్‌బరో సభలో, ఆయన మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే ఒక మాట సూటిగా అడిగారు: మీరు ఎంతో ఇచ్చారు, ఇక మాకు స్నేహితులు కావాలి. దాతకూ స్నేహితుడికీ తేడా ఏమిటి? స్నేహితుణ్ణి మనం ప్రశ్నించగలం.

వాడలో తిన్న అన్నం

కులం ఉన్న ఊళ్లో ఈ రాకకు ఒక విలువ ఉంది, దాన్ని కాదనలేం. పక్క బజారు మనిషి మంచినీళ్లు ముట్టని మాదిగవాడలో, పరాయి దేశపు మనిషి చాప మీద కూర్చుని అన్నం తింటే అది చిన్న విషయం కాదు. పిల్లలు దాన్ని మరిచిపోరు.

అయితే అతిథి వెళ్లాక ఊరు మారదు. పసుపు తవ్వే, ఉడకబెట్టే చేతులకు కూలి పెరగదు. చర్చిలోనూ కులం పోదు. అతిథికి ఇవేవీ చూపించకుండా "పేద క్రైస్తవులు" అని మాత్రమే పరిచయం చేస్తే, అంటరానితనం కాస్తా పేదరికంగా మారిపోతుంది. పేదరికానికి విరాళం సరిపోతుందేమో, కులానికి సరిపోదు.

ఫోటో సాక్ష్యమైతే

అసలు ప్రమాదం చట్టంలో ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు, ముస్లింలకు తలుపు ఇంకా మూసే ఉంది. తెలంగాణలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవారిని బీసీ-సీలో ఉంచారు. ఆ గ్రూపుకు రిజర్వేషన్ ఒక్క శాతం. అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా పోతుంది.

2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం పొంది చర్చికి వెళ్తున్న మహిళకు ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వనక్కర్లేదంది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి అత్యాచారాల చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. అంటే చర్చికి వెళ్లడమే రుజువు అవుతోంది. అలాంటప్పుడు ఒక అమ్మాయి పేరు, ఊరు, ఫోటో పెట్టి "మేం ఆదుకున్న క్రైస్తవ కుటుంబం" అని విదేశీ చర్చి ప్రచురిస్తే, అది రేపు ఆమె సీటు మీద, కేసు మీద పడవచ్చు. తప్పు ఆ కుటుంబానిది కాదు. మతం మారినా కులం వదలదని తెలిసీ హక్కును మతానికి కట్టేసిన ఉత్తర్వుది. ఎస్సీ హోదాను మతం నుంచి విడదీయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు.

డబ్బు ఆగిన రోజు

రెండో ప్రమాదం ఆధారపడటం. విదేశీ విరాళాల చట్టం బిగిశాక కంపాషన్ ఇంటర్నేషనల్ 2017లో దేశం వదిలింది. లక్షకు పైగా పిల్లలకు అందే సాయం ఆగింది. 2020 సవరణతో విదేశీ డబ్బంతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖ ఖాతాలోనే పడాలి, ఒక సంస్థ మరో సంస్థకు ఇవ్వకూడదు. ఉత్తరాలు రాసిన "స్పాన్సర్" ఒక్కసారిగా మాయమైతే ఆ పిల్లకు ఏమని చెప్పాలి? స్నేహం డబ్బు దారిలోనే నడిస్తే, దారి మూసిన రోజే అదీ ఆగుతుంది.

మనం పెట్టాల్సిన షరతులు

సందర్శన వద్దని మేం అనడం లేదు. అది వాడ షరతుల మీద జరగాలంటున్నాం.

- ఫోటో, పేరు, ఊరు బయటికి వెళ్లే ముందు కుటుంబం అనుమతి తీసుకోవాలి. సర్టిఫికెట్ ప్రమాదం ముందే వివరించాలి.
- ఎవరింటికి వెళ్లాలో, ఏం చూడాలో పాస్టరు ఒక్కడే కాదు, వాడ ఆడవాళ్లు, యువకులు తేల్చాలి.
- ఎంత డబ్బు వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అన్న లెక్క అతిథి ముందే ఊరికి చెప్పాలి.
- పేదరికం గురించే కాదు, కులం గురించి, 1950 ఉత్తర్వు గురించి అతిథికి చెప్పాలి. తమ దేశంలో ఆ మాట మాట్లాడమని అడగాలి.
- ఇక్కడివాళ్లకూ అక్కడికి వెళ్లి వాళ్లను చూసే, ప్రశ్నించే అవకాశం ఉండాలి.

ఈ అయిదింటికీ డబ్బు పెద్దగా అక్కర్లేదు. చూడటానికి వచ్చినవాళ్లు తమనూ చూడనివ్వాలి, అడగనివ్వాలి. దోర్నకల్ బిషప్ నూట పదిహేనేళ్ల కింద అడిగిన స్నేహానికి సిరికొండలో అర్థం అదే.