ముందు ఇరుసుకు చోటెక్కడ?

ఆల్ వీల్ డ్రైవ్ అంటే ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ అందే ఏర్పాటు. ఇప్పటి కార్లలో ఇది మామూలే. 1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్ లాంటి పాత కారుకు దీన్ని అమర్చాలంటే మాత్రం ఉన్న భాగాలకు నాలుగు కొత్తవి తగిలిస్తే సరిపోదు. కింద నుంచి ఛాసిస్ మొత్తం కొత్తగా కట్టుకోవాలి. ఆ కారును గీసినవాళ్లు ముందు చక్రాల మధ్య తిరిగే ఇరుసు ఒకటి వస్తుందని అనుకోలేదు. అది వెళ్లాల్సిన దారిలో ఇంజిన్ ఆయిల్ ఛాంబర్ ఉంది, స్టీరింగ్ కడ్డీలు ఉన్నాయి, అడ్డంగా క్రాస్ మెంబర్ ఉంది. ఈ పనిలో ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు ఆ ఒక్క ఇరుసు దగ్గరే మొదలవుతాయి.

అరవై ఏళ్ల కిందట ఒక కార్ల కంపెనీయే ఈ చిక్కును ఎదుర్కొంది. ఇంగ్లండ్‌లో వెస్ట్ బ్రామిచ్‌కు చెందిన జెన్సెన్ 1966లో ఎఫ్‌ఎఫ్ అనే కారును తెచ్చింది. ఆ రెండక్షరాలకు అర్థం ఫెర్గూసన్ ఫార్ములా. మన పొలాల్లో దున్నే మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్ పేరులోని హ్యారీ ఫెర్గూసన్ స్థాపించిన సంస్థే ఆ డ్రైవ్ పద్ధతిని రూపొందించింది. అదే సంస్థ తయారుచేసిన పీ99 రేసు కారులో స్టిర్లింగ్ మాస్ 1961లో ఔల్టన్ పార్క్ గోల్డ్ కప్ గెలిచాడు. జెన్సెన్ ఎఫ్‌ఎఫ్‌లో శక్తి ముందుకు 37 శాతం, వెనక్కి 63 శాతం వెళ్లేది. పైకి చూస్తే అది జెన్సెన్ వారి ఇంటర్‌సెప్టరే. అయితే ముందు ఇరుసుకు చోటివ్వడానికి కారును 4 అంగుళాలు పొడిగించాల్సి వచ్చింది. ఆ అమరికలో స్టీరింగ్‌ను ఎడమ వైపుకు మార్చే వీలు కూడా లేకపోయింది. దాంతో అమెరికా మార్కెట్ చేజారింది. 1971 వరకు తయారైనవి 320 కార్లే. అంత మంచి ఇంజినీరింగ్‌కు అంత తక్కువ ఆయుష్షు దక్కడం బాధాకరం.

మస్టాంగ్‌కు లారీలకున్నట్టు విడి ఛాసిస్ లేదు. నేల రేకు, పక్క గుమ్మాలు, ముందు వెనుక దూలాలు అన్నీ కలిపి అతికిన ఒకే గుల్ల అది. ఇంజిన్‌కు రెండు పక్కలా నిలువెత్తు టవర్లుంటాయి. ముందు స్ప్రింగులు సస్పెన్షన్ పై చేతుల మీద కూర్చుని ఆ టవర్లలోకి దూరి ఉంటాయి. వెనుక ఒకే ముక్క ఇరుసు, దాని కింద కమాను పట్టీలు. ముందు ఇరుసు రావాలంటే టవర్లు పోవాలి. టవర్లు పోతే ముందు భాగాన్ని నిలబెట్టే బలమే పోతుంది. విడి ఛాసిస్ అవసరమయ్యేది ఇక్కడే. ఈ దారిలో చివరిదాకా వెళ్లిన కారు అమెరికా డ్రైవర్ కెన్ బ్లాక్ కోసం కట్టిన హూనికార్న్. 1965 మస్టాంగ్‌ను తీసుకుని గొట్టాల ఛాసిస్ మీద 6.7 లీటర్ల వీ8 ఇంజిన్, సాడెవ్ రేసింగ్ గేర్‌బాక్స్ పెట్టి 845 హార్స్‌పవర్‌తో 2014లో లాస్ వేగాస్ సెమా ప్రదర్శనలో నిలబెట్టారు. తర్వాత రెండు టర్బోలు చేర్చి దాన్ని 1,400 హార్స్‌పవర్‌కు పెంచారు. అది ప్రదర్శన కోసం పుట్టిన యంత్రం. రోడ్డు మీద తిరగాల్సిన కారు కట్టేవారు దాని ధైర్యాన్ని తీసుకోవచ్చు కానీ కొలతలు కాదు.

నాలుగు చక్రాలనూ ఒకే షాఫ్టుకు నేరుగా బిగిస్తే ఏమవుతుందో ఒక లెక్క చెబుతుంది. మస్టాంగ్ ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2,743 మిల్లీమీటర్లు. వెనుక ఇరుసు మధ్యభాగం 10 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా తిరిగితే, ముందు ఇరుసు మధ్యభాగం దాదాపు 10.37 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ముందు చక్రాలు వెనుక వాటికంటే 2.3 మీటర్లు ఎక్కువ నడవాలి. బురదలో అయితే టైరు జారి ఆ తేడాను మింగేస్తుంది. పొడి తారు మీద టైరు జారదు. ఆ మెలి అంతా షాఫ్టులు, గేర్ల మీద పడి ఎక్కడో ఒకచోట విరుగుతుంది. అందుకే మధ్యలో వేగాల తేడాను సర్దే మూడో డిఫరెన్షియల్ గానీ, జారగల బహుళ పలకల క్లచ్ గానీ ఉండి తీరాలి. ముందు, వెనుక డిఫరెన్షియళ్ల గేర్ నిష్పత్తి ఒకటే ఉండాలి. టైర్ల చుట్టుకొలతా కలవాలి. పాత స్పోర్ట్స్ కారు అందం కోసం వెనుక పెద్ద టైర్లు, ముందు చిన్నవి వేసే అలవాటును ఇక్కడ వదులుకోవాల్సిందే.

ఈ భాగాలన్నీ కొత్తగా తయారు చేయించడం చాలా ఖర్చు. అందుకని ఎక్కువ మంది భాగాలు తీసుకోవడానికి ఒక దాత కారును ఎంచుకుంటారు. ఆడి క్వాట్రో లాంటి కార్లలో ఇంజిన్ ముందు ఇరుసుకంటే ముందుకు పొడుచుకుని ఉంటుంది. ఆ అమరికను తెస్తే మస్టాంగ్ పొడవాటి ముక్కు కింద ఇంజిన్ తప్పుడు చోట కూర్చుంటుంది. ఈ పనికి నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ నప్పుతుంది. 1989లో వచ్చిన ఆర్32 రకంలో 2.6 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ కారు పొడవు దిశలో ఉంటుంది. ముందు డిఫరెన్షియల్ ఆయిల్ ఛాంబర్‌కే బిగించి ఉంటుంది. ఒక పక్క చక్రానికి వెళ్లే షాఫ్టు ఆయిల్ ఛాంబర్ మధ్యలో పోసిన గొట్టం గుండా దూరి అవతలికి వెళ్తుంది. ఇంజిన్‌ను పైకి ఎత్తకుండా ఇరుసును కిందికి దించకుండా రెండింటినీ ఒకే ఎత్తులో ఇమిడ్చిన తీరు అది. ఈ రంగంలో ఇంత తెలివైన పరిష్కారాలు తక్కువ. బీఎండబ్ల్యూ 1985లో తెచ్చిన 325ఐఎక్స్‌లోనూ ముందు షాఫ్టు ఆయిల్ ఛాంబర్ గుండానే వెళ్తుంది.

దాత కారుతో పాటు దాని మెదడు కూడా రావాలి. జీటీ-ఆర్ మామూలుగా వెనుక చక్రాలతోనే నడుస్తుంది. చక్రాల వేగాన్ని, పక్కకు లాగే బలాన్ని కొలిచే సెన్సర్లు చెప్పినప్పుడు ఆయిల్ ఒత్తిడి క్లచ్ పలకలను నొక్కి, సగం వరకు శక్తిని ముందుకు పంపుతుంది. ఆ పంపు, సెన్సర్లు, కంప్యూటర్ లేకుండా గేర్‌బాక్స్ ఒక్కటే తెస్తే ముందు ఇరుసు ఊరికే బరువు మోస్తుంది. ఇరుసుల మధ్య దూరంలో ఉన్న తేడా అంత ఇబ్బంది కాదు. ఆర్32ది 2,615 మిల్లీమీటర్లు, మస్టాంగ్‌కంటే 128 తక్కువ. ముందు సెట్టును అలాగే ఉంచి వెనుక ప్రొపెల్లర్ షాఫ్టును ఆ మేరకు పొడిగిస్తే చాలు.

మస్టాంగ్‌లో అమెరికన్ వీ8 గుండెకాయే ఉండాలనేవారికి దారి కష్టం. ఆ ఇంజిన్ ఆయిల్ ఛాంబర్‌ను కోసి, ఇరుసు దూరే గొట్టాన్ని అడ్డంగా అతకాలి. లేదా డ్రై సంప్ పెట్టాలి. అందులో ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది కాబట్టి ఇంజిన్ కింద పల్చటి పళ్లెం మిగిలి ఇరుసుకు చోటు దొరుకుతుంది. రెండూ కుదరకపోతే ఇంజిన్‌ను కాస్త వెనక్కి జరిపి, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్‌ను కోస్తారు. బానెట్‌ను మాత్రం పైకి లేపకూడదు. ఆ గీత చెడిపోతే అది మస్టాంగ్‌లా కనిపించదు.

ఇక సస్పెన్షన్. తిరిగే షాఫ్టు హబ్ మధ్యలోకి వస్తుంది కాబట్టి షాకబ్జార్బర్ కింది చేతి మధ్యకు దిగే వీలుండదు. కాళ్లు విడదీసినట్టుండే ఫోర్కుతో షాఫ్టుకు రెండు పక్కలా దాన్ని దించుతారు, లేదా పై చేతికి బిగిస్తారు. షాఫ్టు చివర సీవీ జాయింటు ఎంత కోణం వరకు వంగుతుందో అంతవరకే స్టీరింగ్ తిరగాలి. ఆ హద్దు దగ్గర ర్యాక్‌కు అడ్డు పెట్టకపోతే సందులో కారు తిప్పేటప్పుడు జాయింటు పగులుతుంది. చక్రం లేచి దిగేటప్పుడు స్టీరింగ్ దానంతటదే తిరిగే జబ్బు రాకుండా టై రాడ్ లోపలి కీలు సస్పెన్షన్ కీళ్ల వరుసలోకి రావాలి. డ్రైవ్ హబ్‌లు మందంగా ఉండి చక్రాన్ని బయటికి నెడతాయి కాబట్టి ఆనాటి లోతైన గిన్నెలాంటి చక్రాలు ముందు పట్టవు. ఫెండర్ దాటకుండా ఉండే కొత్త రిమ్ములు వెతుక్కోవాలి.

ఛాసిస్ కట్టడం నేల మీద మొదలవ్వదు, చక్రాల కేంద్రాల దగ్గర మొదలవుతుంది. కారును నిలవాల్సిన ఎత్తులో దిమ్మెల మీద పెట్టి, ఫెండర్ల వంపు మధ్య నుంచి గుండు దారం వేలాడదీసి నాలుగు కేంద్రాలను కింద ఇనుప బల్ల మీద గుర్తిస్తారు. మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలుస్తారు. అవి మిల్లీమీటరు వరకు సమానమైతేనే కారు సూటిగా నడుస్తుంది. ఇప్పుడు లేజర్ స్కానర్లు ఈ పనిని తేలిక చేశాయి. అయినా ఆ రెండు కర్ణాలను చేత్తో మళ్లీ కొలిచి చూసుకునే పనివాళ్లే నమ్మదగినవాళ్లు. తర్వాత డిఫరెన్షియళ్లు, ఇంజిన్, గేర్‌బాక్స్ వాటి వాటి చోట్ల గాలిలో వేలాడుతున్నట్టు నిలిపి, వాటిని కలుపుతూ గొట్టాలు పరుస్తారు.

గొట్టం ఎంపికలో ఒక సూత్రం ఎంతో ఆదా చేస్తుంది. పల్చటి గుండ్రని గొట్టం వ్యాసాన్ని రెట్టింపు చేసి గోడ మందం అలాగే ఉంచితే బరువు రెండింతలవుతుంది, మెలిని తట్టుకునే బిగువు మాత్రం ఎనిమిదింతలవుతుంది. కాబట్టి మందం పెంచడంకంటే వెడల్పు పెంచడం మేలు. రోడ్డు కార్లకు 100×50 మిల్లీమీటర్ల దీర్ఘచతురస్రపు మైల్డ్ స్టీల్ గొట్టాలను 3 మిల్లీమీటర్ల గోడతో వాడటం పరిపాటి. రేసు ఛాసిస్‌లకు క్రోమోలీ అనే మిశ్రమ ఉక్కు వాడతారు. అది గట్టిదే కానీ వెల్డింగ్‌లో తప్పును క్షమించదు. మొదట అంతా టాకులే వేస్తారు. ఇంజిన్ పెట్టి తీసి, చక్రాలను పైకీ కిందికీ ఆడించి, ఎక్కడా తగలడం లేదని చూశాకే పూర్తి వెల్డింగ్. అదీ ఒకే వైపు వరసగా వేస్తే వేడికి ఫ్రేము వంగిపోతుంది. ఎడమ కొంత, కుడి కొంత వేస్తూ, చల్లారేవరకు ఫ్రేమును పట్టుకున్న జిగ్ బిగువు వదలరు.

ప్రొపెల్లర్ షాఫ్టు కోణాలు సరిగా లేకపోతే ఎంత మంచి ఛాసిస్ అయినా వణుకుతుంది. యూనివర్సల్ జాయింటు కోణంలో తిరిగేటప్పుడు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చుతగ్గులవుతుంది. రెండో చివర అంతే కోణం ఎదురుగా ఉంటే ఆ తేడా చెల్లిపోతుంది. అందుకే గేర్‌బాక్స్ షాఫ్టూ డిఫరెన్షియల్ పినియనూ సమాంతరంగా ఉండాలి. ముందుకు శక్తిని మళ్లించే పెట్టె ఏ పక్కకు ఉబ్బితే ఆ పక్క కాళ్లకు చోటు తగ్గుతుంది. జెన్సెన్‌కు అమెరికా దారి మూసింది ఈ తరహా ఇరుకే. జపాన్ కుడి స్టీరింగ్ కారు భాగాలను ఎడమ స్టీరింగ్ మస్టాంగ్‌లో పెట్టేవారు ఈ సంగతి ముందే చూసుకోవాలి. వెనుక ఇంకో చిక్కు ఉంది. మస్టాంగ్ పెట్రోల్ ట్యాంకు పైకప్పే డిక్కీ నేల. స్వతంత్ర సస్పెన్షన్ వస్తే ఆ ట్యాంకును మార్చాల్సి రావచ్చు.

బ్రేకుల విషయంలో ముందు, వెనుక ఇరుసులు మధ్య క్లచ్ ద్వారా ముడిపడి ఉంటాయని మరువరాదు. ఒక చక్రం బిగుసుకుంటే ఆ ప్రభావం మిగతావాటి మీదా పడుతుంది. జెన్సెన్ ఎఫ్‌ఎఫ్‌లో విమానాల కోసం పుట్టిన డన్‌లప్ మాక్సరెట్ యాంటీలాక్ యంత్రాన్ని పెట్టారు. ఈనాడు దాత కారు ఏబీఎస్‌నే తెచ్చుకోవచ్చు.

గుల్లను కొత్త ఛాసిస్ మీద దించేముందు తలుపుల ఖాళీల్లో అడ్డ కడ్డీలు అతకాలి. నేల కోసిన గుల్ల కొద్దిగా విచ్చుకున్నా తలుపు మళ్లీ సరిగా పడదు. తొలి పరుగులో చూడాల్సినవి క్లచ్ పెట్టె వేడి, సీవీ జాయింటు రబ్బరు తొడుగులు, గట్టి మలుపులో ఆయిల్ ఒత్తిడి. ఆయిల్ ఛాంబర్ ఆకారం మారింది కాబట్టి మలుపులో ఆయిల్ ఒక పక్కకు పోయి పంపుకు అందకపోతే ఇంజిన్ క్షణాల్లో పాడవుతుంది.

ఇలాంటి కారును మన దేశంలో నమోదు చేయించడం వేరే సంగతి. తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా వాహన నిర్మాణాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ వాహన నిబంధనలు 50 ఏళ్లు దాటిన కార్లకు వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తాయి. అది కూడా ఛాసిస్, గుల్ల, ఇంజిన్ అసలు రూపంలో ఉంటేనే. హైదరాబాద్‌లోనో విశాఖలోనో 1965 మస్టాంగ్‌కు కొత్త ఛాసిస్ కడితే ఆ నంబరు రాదు. దానికి ప్రైవేటు ట్రాకో ప్రదర్శనశాలో మాత్రమే గతి.